ఎర్ర బంతి మీద కన్నుంచు

చిన్నా, ఇంగ్లిష్ బిలియర్డ్స్ బల్ల మీద ఉండేవి మూడే బంతులు: తెల్లది, పసుపుది, ఎర్రది. నీ బంతి మిగతా రెండింటినీ తాకితే దాన్ని క్యానన్ అంటారు. దానికి 2 పాయింట్లు. తాకించడం కొన్నాళ్ళకు ఎవరికైనా వస్తుంది. తాకించాక మూడూ ఎక్కడ ఆగాయన్నదే అసలు విద్య.

ముందు సగం బంతి దెబ్బ నేర్చుకో. నీ బంతి నడిమధ్యను ఎర్ర బంతి అంచుకు గురిపెట్టి, పక్క స్పిన్ లేకుండా మెత్తగా దొర్లించు. ఎర్ర బంతి ఒకవైపు 30 డిగ్రీల వాలులో పోతుంది. నీ బంతి రెండోవైపు మళ్ళుతుంది. తాకిన క్షణంలో అది 60 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది గానీ, దాని దొర్లుడు ఇంకా మిగిలే ఉంటుంది కదా! ఆ దొర్లుడు బల్ల మీది బట్టను పట్టుకుని బంతిని మళ్ళీ ముందుకు లాగుతుంది. అలా వంపు తిరిగి, చివరికి సుమారు 34 డిగ్రీల దారిలో స్థిరపడుతుంది. ఈ వంపుల లెక్కల మీద ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ 1835లోనే ఓ పుస్తకం రాశాడు. భూమి తిరగడం వల్ల గాలులు పక్కకు మళ్ళడాన్ని ఈయన పేరుతోనే చెప్పుకుంటాం.

ఇక్కడే అందమైన విషయం ఒకటుంది. దొర్లే బంతి చివరి దారికి సుమారు 34 డిగ్రీలే గరిష్ఠం. ఇంకా మందంగా తగిలినా, పలచగా తగిలినా మళ్ళేది తక్కువే. ఉయ్యాల కొసకు చేరినప్పుడు ఒక్క క్షణం కదలనట్టే ఉంటుంది చూడు, ఇదీ అంతే. గరిష్ఠం దగ్గర మార్పు మందగిస్తుంది. ఎర్ర బంతిని ముప్పావు వంతు కప్పేలా తగిలినా, పావు వంతే కప్పేలా తగిలినా నీ బంతి దారి 27, 28 డిగ్రీల కన్నా తగ్గదు. అందుకే సగం బంతి దగ్గర గురి కాస్త తప్పినా క్యానన్ పడిపోతుంది.

మరి ఎర్ర బంతి? ముప్పావు బంతి దెబ్బకు 14 డిగ్రీల్లో పోయేది, పావు బంతి దెబ్బకు 49 డిగ్రీల్లో పోతుంది! నీ బంతి దాచిపెట్టిన తప్పును ఎర్ర బంతి బయటపెడుతుందన్నమాట. పైగా సగం బంతి దెబ్బలో, ముందుకు సాగే శక్తిలో ముప్పావు వంతు దానికే చేరుతుంది. కాబట్టి తర్వాతి షాట్ ఎలా ఉండాలో చాలామటుకు అదే నిర్ణయిస్తుంది.

సాధన ఇలా చెయ్యి. మూడు బంతులనూ ప్రతిసారీ అవే చోట్ల పెట్టు. ఎర్ర బంతి ఆగాల్సిన చోట ఓ కాగితం ముక్క పెట్టు. క్యానన్ పడ్డా, ఎర్ర బంతి కాగితం దరిదాపుల్లో ఆగకపోతే ఆ దెబ్బను లెక్కలోకి తీసుకోకు. దిశ తప్పితే గురి సరిచూసుకో, దూరం తప్పితే దెబ్బ బలం సరిచూసుకో. రెండూ ఒకేసారి మార్చావా, ఏది తప్పో తెలియదు.

1932లో బిలియర్డ్స్ ఆటగాడు వాల్టర్ లిండ్రమ్ లండన్‌లో ఒకే బ్రేక్‌లో, అంటే తన వంతు పోకుండా వరుసగా ఆడుతూ, 4137 పాయింట్లు చేశాడు. బంతులను చెదరనివ్వకుండా దగ్గర పెట్టుకోకపోతే అంత పెద్ద బ్రేకులు సాగవు. అందుకే చెబుతున్నా చిన్నా, క్యానన్ పడిన చప్పుడుకే సంతోషపడి చూపు తిప్పుకోకు. ఎర్ర బంతి పూర్తిగా ఆగేదాకా చూడు, తర్వాతి 2 పాయింట్లు ఎలా రావాలో అప్పుడే తెలుస్తుంది.