నీరే కాదు.. చలీ పల్లమెరుగు!

లంబసింగికి మరో పేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందట. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉందీ ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి మంచు చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తారు. రైతుకు మాత్రం అది వేడుక కాదు. ఒక్క రాత్రి చలికి టమాటా, చిక్కుడు ఆకులు ఉడికినట్టు నల్లబడితే పెట్టుబడి పోయినట్టే.

ఎందుకింత చలి?

వెయ్యి మీటర్లు పైకెళితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద నర్సీపట్నంలో దుప్పటి చాలిన రాత్రి ఇక్కడ నెగడు కావాలి. మబ్బు ఉంటే నేల వేడిని కొంత ఆపుతుంది. మబ్బూ గాలీ లేని రాత్రి ఆ వేడంతా ఆకాశంలోకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి, నీటిలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే గట్టు మీది చేను పచ్చగా ఉన్నా, నాలుగు మళ్ల కిందున్న చేను మాడిపోతుంది.

ఏడాది లెక్క

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అక్టోబరులో తుపాన్ల భయం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలి. మార్చి, ఏప్రిల్ జల్లులకు కాఫీ పూత విచ్చుకుంటుంది. సిల్వర్‌ఓక్ చెట్ల కింద పెరిగే కాఫీకి పగలు ఆ చెట్లే నీడ, రాత్రి అవే గొడుగు. బోడి నేలలో వేసిన కూరగాయలకు ఆ కాపుదల ఉండదు.

ఇలా చేయండి

* చలికి తట్టుకోని పంటల్ని, నారుమళ్లని పల్లంలో వేయొద్దు. వాలు మీద వేయండి.
* ఆకాశం తేటగా, గాలి స్తంభించి ఉంటే ఆ రోజు మధ్యాహ్నమే పలుచగా తడి పెట్టండి. తడి నేల పగటి వేడిని బాగా పట్టి ఉంచుతుంది.
* సాయంత్రం నారు మీద గడ్డి గాని, పాత చీరలు గాని కప్పండి. ఎండ రాగానే తీసేయండి.
* దెబ్బతిన్న మొక్కల్ని వెంటనే పీకేయొద్దు. నాలుగైదు రోజులు చూస్తే కొన్ని మళ్లీ చిగురిస్తాయి.

చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైన చలి లెక్క పేపర్లో వస్తుంది. అది అక్కడి లెక్క. మీ పల్లపు మడిలో చలి అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. తెల్లవారుజామున ఒకసారి చేలోకి వెళ్లి చూసుకోండి. మంచు ముందుగా ఏ మూల తెల్లగా పేరుకుంటుందో, ఆ మూలే మీ చేనుకు బలహీనమైన చోటు.