ముందు వరుస ఆటగాండ్రను తూచుట ఎట్లు?

ఆట ముగిసిన వెంటనే మాటల పోటీ మొదలగుట లోకసహజము. మన దేశపు ఫుట్‌బాలు జట్టు గెలిచిన మరునాడు పాఠశాల ఆవరణములోను, టీ కొట్టువద్దను, బస్సులోను వినవచ్చు ప్రశ్న ఒక్కటే: "గోలు ఎవరు కొట్టిరి?" పేరు తెలిసినంతనే తీర్పును ముగియుచున్నది. గోలు కొట్టినవాడు ఘనుడు, కొట్టనివాడు దండుగ. ఓడిన దినమున తప్పులు వెదకుటకు అందరును సిద్ధపడుదురు. గెలిచిన దినమున విచారించు ఓపిక కొందరికే ఉండును. కాని జట్టు నిజస్థితి తెలిసికొనుటకు గెలిచిన ఆటయే మంచి పాఠము. ఈ వ్యాసమున రెండు గెలుపులను తీసికొని, ముందు వరుస ఆటగాండ్రను న్యాయముగా తూచు విధమును మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును విశదపరుపదలచినాము. అందొకటి మన రాష్ట్ర రాజధానియైన భువనేశ్వరమున 2023 లో లభించినది. రెండవది 1962 లో ఇండోనీషియా దేశపు జకార్తా నగరమున లభించినది.

మొదట, ముందు వరుస ఆటగాని పని యేమో తెలిసికొందము. ఎదిరి గోలులోనికి బంతిని పంపుట అతని మొదటి పని. అది అందరికిని కనబడును. రెండవది, తనకంటె మంచి చోట ఉన్న తోటివానికి బంతిని అందించుట. మూడవది, బంతి తనవద్ద లేనప్పుడు సయితము పరుగెత్తి, ఎదిరి కాపుదారులను తన వెంట లాగుకొనిపోయి, ఇతరులకు చోటు కల్పించుట. నాలుగవది, బంతి ఎదిరికి చిక్కినప్పుడు మొదట తానే అడ్డుపడి, దానిని తిరిగి సంపాదింప యత్నించుట. ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే మరునాటి పత్రికకెక్కును. తక్కిన మూడింటిని మైదానమున కన్ను తెరచి చూచినవాడే ఎరుగును. విందు భోజనమున వండినవారిని మరచి, వడ్డించినవారినే పొగడుట ఎంత న్యాయమో, గోలు కొట్టినవానినే లెక్కించుట అంత న్యాయము.

ఇక భువనేశ్వరపు గెలుపును చూతము. 2023 జూన్ నెలలో కళింగ స్టేడియమున ఇంటర్‌కాంటినెంటల్ కప్ అను పోటీ జరిగినది. భారతదేశముతోపాటు మంగోలియా, వనువాటు, లెబనాన్ జట్లు అందు పాల్గొన్నవి. జూన్ 9 న మంగోలియాపై 2-0 తో మన జట్టు గెలిచినది. రెండవ నిమిషమున సహల్ అబ్దుల్ సమద్, పదునాలుగవ నిమిషమున లాలియన్‌జువాలా చాంగ్తే గోళ్ళు కొట్టిరి. జూన్ 12 న వనువాటుపై గెలుపు 1-0. ఆ గోలు సునీల్ ఛెత్రి 81వ నిమిషమున కొట్టినది. జూన్ 15 న లెబనాన్‌తో జరిగిన ఆటలో ఇరుపక్షములకును గోలు లేదు. జూన్ 18 న అదే లెబనాన్‌తో తుదిపోటీ జరుగగా, మనవారు 2-0 తో గెలిచి కప్పును అందుకొనిరి. నాలుగు ఆటలలో మనము కొట్టిన గోళ్ళు ఐదు; మనపై పడినది ఒక్కటియు లేదు.

తుదిపోటీలోని రెండు గోళ్ళను కొంచెము నిదానించి పరిశీలింపుడు. ఇంటర్వెల్ తరువాత మొదటి నిమిషముననే ఛెత్రి గోలు కొట్టెను. ఆ బంతిని ఛెత్రి కాలి ముందునకు పంపినవాడు చాంగ్తే. 66వ నిమిషమున రెండవ గోలును చాంగ్తే కొట్టెను. అది ఎట్లు వచ్చినది? నావోరెమ్ మహేశ్ సింగ్ బలముగా తన్నిన బంతిని గోలుకీపరు ఆపెనే గాని పట్టుకొనలేకపోయెను. అట్లు జారిన బంతి వద్దకు ముందుగా చేరి చాంగ్తే దానిని లోనికి పంపెను. ఒక గోలును ఇచ్చినవాడే మరియొక గోలును కొట్టినవాడు. పట్టికలో మాత్రము ఛెత్రికి ఒకటి, చాంగ్తేకు ఒకటి అని ఉండును. మహేశ్ పేరు గోళ్ళ వరుసలో ఉండనే ఉండదు. కాని అతని దెబ్బయే లేకున్న ఆ రెండవ గోలు లేదు. అందుచే "గోలు ఎవరు కొట్టిరి?" అను ప్రశ్నకు ప్రక్కనే "ఎవరి వలన వచ్చినది?" అను ప్రశ్నను మనము నేర్చుకొనవలెను.

ఇంకొక సంగతి కలదు. వనువాటు పసిఫిక్ మహాసముద్రములోని చిన్న ద్వీపముల దేశము. దానిపై గోలు కొట్టుటకు మనవారికి 81 నిమిషములు పట్టినది. గెలుపు సంబరములో ఈ ఎనుబది నిమిషముల ఎదురుచూపు మరుగుపడినది. అది ఉత్త కాలయాపన కాదు. ముందు వరుసలోని లోపమునకు సూచన. ఆ సూచన ఏడు నెలలకు ఋజువైనది. 2024 జనవరిలో కతార్ దేశమున ఆసియా కప్ జరిగినప్పుడు మన జట్టు ఆస్ట్రేలియాతో 0-2 గాను, ఉజ్బెకిస్తాన్‌తో 0-3 గాను, సిరియాతో 0-1 గాను ఓడినది. మూడు ఆటలలో ఒక్క గోలును లేదు. భువనేశ్వరమున గోళ్ళు కొట్టిన ఆటగాండ్రు కతార్‌లోను ఉండిరి. వారు ఆటను మరచిపోలేదు. ఎదిరి బలము మారినది. "ఇంట గెలిచి రచ్చ గెలువుము" అను మన పెద్దల మాట ఇచట అక్షరాల సరిపోవును. ఇంటి గెలుపు నిజమైన గెలుపే. కాని అది సగము పరీక్ష.

ఈ లోపమునకు కారణము ఆటగాండ్ర సోమరితనమని తలచుట తొందరపాటు. మన దేశములోని పెద్ద క్లబ్బులు ముందు వరుస నడిమి స్థానమును తరచుగా విదేశపు ఆటగాండ్రకు అప్పగించుచున్నవి. దేశపు యువకునకు ఆ చోట ఆడు అవకాశము తక్కువ. ఆడనివానికి ఆట అబ్బుట ఎట్లు? ఛెత్రి 2024 జూన్ 6 న కలకత్తాలో కువైట్‌తో ఆడి అంతర్జాతీయ పోటీలనుండి విరమించెను. అప్పటికి ఆయన దేశము తరఫున 151 ఆటలలో 94 గోళ్ళు కొట్టియుండెను. ఏడాదియైనను కాకమునుపే, 2025 మార్చిలో, నలువది ఏండ్ల ఆయననే మరల పిలువవలసి వచ్చినది. మార్చి 19 న షిల్లాంగులో మాల్దీవులపై గెలిచిన ఆటలో ఆయన మరల గోలు కొట్టెను. ఆయనకు ఇది ఘనతయే. జట్టునకు మాత్రము హెచ్చరిక.

ఇప్పుడు అరువది ఏండ్లు వెనుకకు పోయి జకార్తా సంగతి చూతము. 1962 నాటి ఆసియా క్రీడలలో మన జట్టునకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన హైదరాబాదువాడు, వృత్తిచే బడిపంతులు. 1951 లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినప్పుడును, 1956 లో మెల్‌బోర్న్ ఒలింపిక్ పోటీలలో నాలుగవ స్థానము పొందినప్పుడును మన జట్టును తీర్చినవాడు ఆయనయే. జకార్తాలో మొదటి ఆటయే ఓటమి. దక్షిణ కొరియా 2-0 తో మనలను ఓడించినది. తరువాత థాయ్‌లాండుపై 4-1 తోను, జపానుపై 2-0 తోను, సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై 3-2 తోను మనవారు గెలిచిరి. సెప్టెంబరు 4 న తుదిపోటీలో మొదట ఓడించిన దక్షిణ కొరియాయే మరల ఎదురైనది. సుమారు లక్షమంది ప్రేక్షకులు. క్రీడల నిర్వహణను గూర్చి పుట్టిన వివాదమువలన వారిలో పెక్కురు మనపై కోపముతో నుండిరి. అట్టిచోట మనవారు 2-1 తో గెలిచి స్వర్ణపతకము తెచ్చిరి.

ఆ పోటీలలో మన గోళ్ళు మొత్తము పదునొకండు. పి. కె. బెనర్జీ నాలుగు, చునీ గోస్వామి మూడు, తులసీదాస్ బలరామ్ రెండు, జర్నైల్ సింగ్ రెండు. ఈ అంకెలనుబట్టి మాత్రమే చూచినచో బెనర్జీ మొదటివాడు, జర్నైల్ కడపటివాడు. కాని అంకెల వెనుక కథ వేరు. జర్నైల్ సింగ్ వెనుక వరుస కాపుదారు. థాయ్‌లాండుతో ఆడునప్పుడు అతని తల పగిలి కుట్లు పడినవి. రహీమ్ అతనిని వెనుకనుండి తీసి, సెమీఫైనలులోను తుదిపోటీలోను ముందు వరుస నడుమ నిలిపెను. అతడు ఆ కుట్ల తలతోనే రెండు ఆటలలోను ఒక్కొక్క గోలు కొట్టెను. తుదిపోటీలో 17వ నిమిషమున బెనర్జీ, 20వ నిమిషమున జర్నైల్ కొట్టిన గోళ్ళే మనలను గెలిపించినవి. నాయకుడైన గోస్వామి సెమీఫైనలులో రెండు గోళ్ళు కొట్టి జట్టును గట్టెక్కించెను. తుదిపోటీలో అతనికి గోలు లేదు. అందుచే తుదిపోటీ ఒక్కటే చూచినవాడు గోస్వామిని తక్కువచేయును. మొత్తము చూచినవాడు అట్లు చేయడు. ఒక దినపు ఆటనుబట్టి మనిషిని తూచుట, ఒక్క పరీక్షలోని మార్కులనుబట్టి విద్యార్థిని తూచుట వంటిదే.

బలరామ్ సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. అతడు సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టినవాడు. ఎడమవైపున ఆడుచు, తాను కొట్టుటయేగాక ఇతరులకు బంతిని అందించుటయందు పేరుపొందెను. 1960 లో రోము ఒలింపిక్ పోటీలలో మన జట్టు కొట్టిన మూడు గోళ్ళలో రెండు అతనివే. ఊపిరితిత్తుల వ్యాధిచే 1963 లోనే, ముప్పది ఏండ్లయినను నిండకమునుపే, ఆటను మానవలసి వచ్చినది. గోస్వామికి 1983 లోను, బెనర్జీకి 1990 లోను పద్మశ్రీ లభించినది. వారు అందుకు ముమ్మాటికిని అర్హులు. 1962 లో అర్జున పురస్కారము పొందిన బలరామ్‌నకు మాత్రము పద్మ పురస్కారము రాలేదు. 2023 ఫిబ్రవరి 16 న, భువనేశ్వరపు గెలుపునకు నాలుగు నెలల ముందు, అతడు కన్నుమూసెను. మువ్వురు కలిసి నడిపిన వరుసలో ఒకరిని లోకము ఎంత సులభముగా మరచునో దీనివలన తెలియుచున్నది.

రాయగడ, గుణుపురము, జయపురము, కోరాపుట్టు ప్రాంతముల మన పిల్లలు ఇంకొక ప్రశ్నను కూడ తరచు అడుగుచుందురు: "జట్టులో మనవాడు ఎవడైన ఉన్నాడా?" ఇంట తెలుగు, వీథిలో ఒడియా, సంతలో కువియో దేశియాయో వినుచు పెరుగువారికి ఈ ప్రశ్న పుట్టుట సహజమే. సమాధానము చిత్రమైనది. ఛెత్రి పుట్టినది సికింద్రాబాదులో. ఇంటి భాష నేపాలీ. తండ్రి సైనికోద్యోగి. అతడు మనవాడా, కాడా? చాంగ్తే మిజోరము వాడు. మహేశ్ మణిపురము వాడు. జకార్తాలో బంగాళీ బెనర్జీ, పంజాబీ జర్నైల్, హైదరాబాదు గురువు ఒక్క జట్టుగా నిలిచిరి. బంతిని అందించువాడు ఎదుటివాని భాష అడిగి అందింపడు. అతడు నిలిచిన చోటును చూచి అందించును. తుది తీర్పులో "మనవాడు" అని ఒకనికి ఒక గోలు ఎక్కువ వేయుటయు, "పరాయివాడు" అని మరియొకనికి తగ్గించుటయు రెండును అన్యాయమే. మన పాఠశాల మైదానమున ఒడియా మిత్రులతో కలిసి ఆడు బాలురకు ఇది పుస్తకమున చదువదగిన నీతి కాదు. ప్రతి సాయంకాలము ఆచరింపదగిన పద్ధతి.

కావున విద్యార్థులారా, ఇకముందు మన దేశపు జట్టు ఆడు ఆటను చూచునప్పుడు ఒక కాగితమును చెంత ఉంచుకొనుడు. ప్రతి గోలునకు ఎదుట కొట్టినవాని పేరు, బంతి ఇచ్చినవాని పేరు, చోటు కల్పించినవాని పేరు తెలుగులో వ్రాయుడు. ఎదిరి జట్టు మనకంటె బలమైనదా, బలహీనమా గుర్తింపుడు. గోలు రాని నిమిషములలో ముందు వరుసవారు ఏమి చేయుచుండిరో రెండు వాక్యములు వ్రాయుడు. నాలుగు ఆటలు గడచిన పిదప ఆ కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో, పత్రికలు చెప్పని సంగతులు మీకే తెలియవచ్చును.

తలిదండ్రులకు మాది ఒక మనవి. పిల్లవాడు మైదానమునుండి ఇంటికి వచ్చినప్పుడు "ఎన్ని గోళ్ళు కొట్టితివి?" అని మాత్రమే అడుగకుడు. "ఎవరికి బంతి అందించితివి?" అనియు అడుగుడు. ఆ రెండవ ప్రశ్న వినుచు పెరిగిన పిల్లలు పెద్దవారైన తరువాత, వండినవారిని మరువక విందు ఆరగింతురు.