పాట లోకమంత తిరిగింది, పైసలే ఇల్లు చేరలె

బాబ్ మార్లే పాటలు నేను ఏండ్ల సంది వింటున్న. ఆయన కంటె ముందు జమైకా పాటను లోకానికి ఎవలు వినిపిచ్చిన్రని మాత్రం ఎన్నడు అడగలె. అడిగినంక ఎరుకైంది, దారి తీసింది ఒక పదహారేండ్ల పిల్ల అని. పేరు మిల్లీ స్మాల్. పాట పేరు ‘మై బాయ్ లాలీపాప్’. మొత్తం రెండు నిమిషాలే. వింటాంటె కాలు ఊకుండది.

మిల్లీ 1947 అక్టోబర్ 6న జమైకాల క్లారెండన్ ఇలాకల పుట్టింది. అదంత చెరుకు తోటల సీమ. నాయిన చెరుకు తోటల కూలీల మీద అజమాయిషీ చేసేటోడు. ఇంటినిండ పిల్లలే. పన్నెండేండ్లకు మాంటెగో బే పట్నంల ఒక పాటల పోటీల నిలబడి గెలిచింది. పేదింటి పిల్లలకు అప్పుడు గసొంటి పోటీలే దర్వాజలు. ఆ తర్వాత రాజధాని కింగ్‌స్టన్‌ల కాక్సన్ డాడ్ అనే పేరుమోసిన నిర్మాత దగ్గర రికార్డులు పాడింది. రాయ్ పాంటన్‌తోటి జోడీ కట్టి పాడిన పాటలు ఊరూర మోగినయ్.

గప్పుడు జమైకాల ‘స్కా’ అనే కొత్త బాణీ నడుస్తుండె. అదేందో సులువుగ చెప్త. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంట చప్పట్లు కొట్టుండ్రి. చప్పట్లకూ చప్పట్లకూ నడుమ ఖాళీ ఉంటది గద, సరిగ్గ గా ఖాళీల గిటార్ ‘చిక్’మని మోగితె అదే స్కా. అమెరికా రేడియోల విన్న పాటలను జమైకా పిలగాండ్లు తమ తీరుగ తిప్పుకున్నరు. 1962ల దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన యాళ్లకు గిదే వాళ్ల సొంత గొంతయ్యింది. ఇదే నెమ్మదించి, ముదిరి, ఆఖరికి రెగె అయ్యింది.

ఐలాండ్ రికార్డ్స్ పెట్టిన క్రిస్ బ్లాక్‌వెల్ 1963ల మిల్లీని లండన్ తోలుకపోయిండు. మైనర్ పిల్ల గావట్టి చట్టం ప్రకారం ఆయనే గార్డియన్ అయిండు. మాట తీరు, డాన్సు నేర్పిచ్చిండు. 1956ల అమెరికాల బార్బీ గే అనే చిన్న పిల్ల పాడిన పాటను తీసుకున్నరు. ఎర్నెస్ట్ రాంగ్లిన్ అనే జమైకా గిటార్ ఉస్తాద్ దానికి స్కా బాణీ కట్టిండు. 1964ల పాట బయటికొచ్చింది. బ్రిటన్‌ల రెండో నంబర్. అమెరికాల సుత రెండో నంబర్. లక్షల కొద్ది రికార్డులు అమ్ముడువోయినయ్. అదే ఏడు బీటిల్స్ టీవీ కార్యక్రమంల సుత మిల్లీ పాడింది.

ఇంత పెద్ద పాట ఐలాండ్ పేరు మీద రాలె, ఫోంటానా అనే పెద్ద కంపెనీ పేరు మీద వచ్చింది. ఎందుకంటె హిట్టయిన పాట సుత చిన్న కంపెనీని ముంచుతది. రికార్డులు అచ్చేసినోనికి పైసలు ముందుగాల కట్టాలె, దుకాణపోళ్లు ఇచ్చేది ఎన్కనెప్పుడో. ఈ లెక్క బ్లాక్‌వెల్‌కు మంచిగ ఎరుకే.

మరి పాడిన పిల్ల లెక్క ఎవలు చూసిన్రు? రికార్డు మీద వచ్చే పైసల్ల రాసినోని వాటా వేరు, కంపెనీ వాటా వేరు, పాడినోళ్ల వాటా వేరు. పాడినోళ్లకు ఎంతనేది కాయితంల ఏముంటె అంతే. మామూలుగ ఆ వాటాల నుంచే కంపెనీ పెట్టిన ఖర్చులు ముందుగాల కోసుకుంటది. పాట రాసినోని గతి సుత గంతే. దీన్ని రాసింది రాబర్ట్ స్పెన్సర్. పాటను కొన్న మోరిస్ లెవీ రచయితగ తన పేరు ఎక్కిచ్చుకుని, అసలోని పేరు కొట్టేసిండు.

1987ల మిల్లీ టీవీల మాట్లాడింది. చేతుల పైసల్లేక, ఉండను ఇల్లు లేక గడిపిన రోజులున్నయని చెప్పింది. అయినా ఏడ్వలె. అదొక అనుభవం అన్నది. ఆమె ఏడ్వలేదని మనం సుత ఊకుందామా? ఆ పాట తోటి పేరువడ్డ ఐలాండ్ కంపెనీయే 1972ల మార్లే బృందంతోటి ఒప్పందం చేసుకుని రెగెను లోకమంత తిప్పింది. స్కాను దేశాలు దాటిచ్చింది మిల్లీయే అని బ్లాక్‌వెల్ సుత ఒప్పుకున్నడు. ఇక్కడ ముచ్చట ఒక్క మనిషి మంచోడా చెడ్డోడా అన్నది గాదు. పాడే గొంతుకు ఆఖరి వాటా రాసే పద్ధతి మీదనే నా కొట్లాట.

మిల్లీని ‘ఒక్క పాట పిల్ల’ అని తీసిపారేస్తరు. గది అన్యాయం. 1968ల ఈనాక్ పవెల్ అనే బ్రిటిష్ నాయకుడు వలసొచ్చినోళ్ల మీద విషం కక్కుకుంట మాట్లాడిండు. 1970ల మిల్లీ ఆయన పేరునే మలిపి ‘ఈనాక్ పవర్’ అని పాట పాడింది. నల్లోళ్ల బలం మీద పాడిన పాట అది. లాలీపాప్ పిల్ల గొంతుల గంత పదును ఉన్నదని చానామందికి తెల్వనే తెల్వది.

2011ల జమైకా సర్కారు ఆమెకు ఆర్డర్ ఆఫ్ డిస్టింక్షన్ అనే గౌరవం ఇచ్చింది. పాట వచ్చి అప్పటికి 47 ఏండ్లు. 2020 మే 5న లండన్‌ల కన్నుమూసింది. 72 ఏండ్లు.

ఇయ్యాల ఏ పల్లె పిల్లనో పాడిన పాట ఒక్క రాత్రిల లక్షల ఫోన్లకు ఎక్కుతుంది. మనం మెచ్చుకుంటున్నం, పంచుతున్నం. మంచిదే. దాంతోటి ఇంకో మాట సుత అడగాలె: బిడ్డా, కాయితం మీద ఏం రాసున్నదో సంతకం పెట్టేముందు ఎవలన్న నీకు చదివి చెప్పిన్రా?