మీకు తెలుసా? ముసలి మామిడి చెట్టు కానుకవుతుంది

కృష్ణగిరి జిల్లా అనగానే తోతాపురి కాయలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. కాపుడిగిన చెట్టును కొట్టేస్తే ఎక్కువగా పొయ్యిలోకో, ప్యాకింగ్ పెట్టెలకో పోతుంది. ఎంత అన్యాయం! ఆ చెక్కలో లేత పసుపు, గోధుమ, ఒక్కోసారి గులాబీ చారలుంటాయి. బూజు సోకిన చోట సన్నటి నల్లగీతలు పడతాయి. హోసూరులో గృహప్రవేశానికి వెళ్తూ ఆ చెక్కతో చేసిన సర్వింగ్ బోర్డు పట్టుకెళ్తే అంతకన్నా సొంత గడ్డ కానుక ఏముంటుంది?

పలక పగులులో నీలం రంగు కలిపిన ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే ద్రవం) పోస్తే చిన్న ఏరులా గట్టిపడుతుంది. ఈ ఎపాక్సీని 1930ల్లో స్విట్జర్లాండ్ రసాయనవేత్త పియర్ కాస్టాన్ కట్టుడు పళ్ల కోసం తయారుచేశారు!

చెక్క పూర్తిగా ఆరాలి. తేమ ఉంటే ఎపాక్సీ సరిగా అంటుకోదు. ఆరిన చెక్క రంధ్రాల్లోంచి కూడా గాలి బుడగలు లేస్తాయి కాబట్టి ముందు పల్చటి పూత వేసి, అది పట్టాక మిగతాది పోయాలి. రెసిన్, హార్డెనర్ కలిస్తే వేడి పుడుతుంది. లోతుగా ఒకేసారి పోస్తే ఆ వేడికి పొగలొచ్చి పగులుతుంది కూడా.

మామిడి సొన పడనివాళ్లకు ఈ రంపపు పొట్టు కూడా దురద పెట్టొచ్చు, మాస్కు తప్పనిసరి.

మామూలు ఎపాక్సీ 50–60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. పొయ్యి మీది గిన్నె దానిమీద దించకండి, కత్తితో కూరలు తరగకండి. చెక్కకు వేరుశెనగ నూనె రాస్తే కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది, ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ రాయండి.