ఘాజీని ముంచిందెవరు?

విశాఖ బీచ్‌రోడ్డులో ఒడ్డుకెక్కి కూర్చున్న కుర్సురా సబ్‌మెరైన్‌లో గుండ్రటి తలుపుల గుండా ఒళ్లు కుదించుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూరాలి. మొన్న నా ముందు నడుస్తున్న పదేళ్ల కుర్రాడు టార్పెడో గొట్టాల దగ్గర ఆగిపోయాడు. ‘‘అంకుల్, ఘాజీని పేల్చింది ఇక్కణ్నుంచేనా?’’

‘‘కాదు నాన్నా, యుద్ధమప్పుడు ఇది అరేబియా సముద్రంలో ఉంది’’ అన్నారు గైడు. నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లాడి మొహం వాడిపోయింది. వాళ్ల నాన్న ఊరుకోలేదు. ‘‘అదేంటండీ, సినిమాలో సబ్‌మెరైనే కదా ముంచింది?’’

సినిమాలో అంతే. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’లో మన సబ్‌మెరైన్ ఎస్21 నీళ్ల అడుగున పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీతో తలపడుతుంది. మనవాళ్లు జనగణమన పాడి శత్రువుని రెచ్చగొట్టే ఘట్టానికి నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. జాతీయ అవార్డుకి తగిన సినిమానే. అసలు ఘాజీ పేరు మన ఇళ్లలోకి తెచ్చిందే అది. అయితే పేరుతోపాటు ఆ పోరాటాన్నీ తెచ్చి పెట్టింది.

1971 యుద్ధంలో ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అది విశాఖలోనే ఉన్నట్టు నాటకమాడించారు. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ విక్రాంత్‌లా నటిస్తూ వైర్‌లెస్ సందేశాలు పంపింది. బజార్లో మాంసం, కూరగాయలు పెద్దయెత్తున ఆర్డరిచ్చారు, గూఢచారుల చెవిన పడాలని. అన్నిటికన్నా నాకు నచ్చింది ఒక టెలిగ్రాం: విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడ్డ తల్లి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు, శత్రువు వినేలా పంపింది. నేను దర్శకుణ్నైతే సినిమా మొత్తం ఆ టెలిగ్రాం చుట్టూ తిప్పేవాణ్ని.

డిసెంబరు 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ హార్బర్ దాటుతూ నీళ్లలో ఏదో కదలిక కనిపించి డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలే బాంబులు) వదిలింది. కాసేపటికి పెద్ద పేలుడు. తర్వాత తేలుతున్న లైఫ్‌జాకెట్లూ వస్తువులూ జాలర్లకు దొరికాయి. డైవర్లు దిగి చూస్తే అది ఘాజీ.

రాజ్‌పుత్తే ముంచిందని మన నేవీ చెప్పింది. లోపలి పేలుడో, తను పరిచిన మైనో తనకే తగిలిందో అని పాకిస్తాన్ వాదన. మన నేవీలో పనిచేసినవాళ్లలోనూ రెండో మాటని కొట్టిపారేయని వాళ్లున్నారు. తేల్చుకుందామంటే ఆనాటి రికార్డులు తర్వాత ధ్వంసం చేశారని 2010లో బయటపడింది. కాగితం పోయినచోట సినిమా కూర్చుంది. దర్శకుణ్ని తప్పుపట్టను. కల్పన చేయడం ఆయన వృత్తి. నా బాధల్లా రాజ్‌పుత్ గురించే. నాటకమాడిందీ డెప్త్ చార్జీలు వదిలిందీ ఆ ముసలి ఓడైతే, పేరు మాత్రం తెరమీది సబ్‌మెరైన్‌కి పోయింది.

గైడు ఇదంతా రెండు నిమిషాల్లో చెప్పేశారు. కుర్రాడు వదల్లేదు.

‘‘మరి ఎవరు పేల్చారు?’’

‘‘చూసినవాళ్లు 90 మందికి పైగా ఉంటారు నాన్నా. అందరూ దాన్లోనే ఉండిపోయారు.’’

వెనకవాళ్లు తోసుకొస్తుంటే తండ్రి పిల్లాణ్ని గొట్టాల ముందు నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు.