వార్తల్లో పదం: బఫర్ జోన్

చెరువు నిండినప్పుడు నీరు ఆక్రమించే హద్దు ఎఫ్‌టీఎల్. దానికి ఆనుకుని చుట్టూ ఖాళీగా వదలాల్సిన స్థలమే బఫర్ జోన్. 2024 జులైలో ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పాటై హైదరాబాద్ చెరువుల్లో ఆక్రమణల కూల్చివేతలు మొదలుపెట్టాక ఈ మాట ఇంటింటా వినిపించింది.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల ఎలాంటి కట్టడమూ కుదరదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్ల బఫర్ ఉండాలి. అక్కడ పచ్చదనం పెంచవచ్చు కానీ ఇల్లు కట్టకూడదు. ఎఫ్‌టీఎల్‌లో పట్టా భూమి ఉన్నా, యాజమాన్య హక్కు నిర్మాణ అనుమతి కాదు.

చెరువు గట్టు మీది చెట్లకు కూడా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం రక్షణ ఉంది. ముందస్తు అనుమతి లేకుండా చెట్టు నరకడం నేరం. వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. వాన నీటితో వచ్చే పూడికను అడ్డుకుంటాయి. చెట్లు కొట్టి, మట్టి పోసి ఇళ్లు కడితే వరద పక్క బస్తీల మీద పడుతుంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ ఆ నష్టం చూసింది.

చెరువు పక్కన ప్లాటు కొనేవారు రిజిస్ట్రేషన్ కాగితాలతో సరిపెట్టుకోకూడదు. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువు పటంలో ఎఫ్‌టీఎల్ హద్దు చూసుకున్నాకే బయానా ఇవ్వాలి.