నాక్సోస్ అగ్రపీఠం: ఒక పేరు చెప్పే చరిత్ర

గ్రీసు ప్రధాన భూభాగానికి ఆగ్నేయంగా, ఏజియన్ సముద్రంలో సైక్లాడిస్ అనే ద్వీప సముదాయం ఉంది. అక్కడి ఒక కాథలిక్ అగ్రపీఠం పూర్తి పేరు 'నాక్సోస్, ఆండ్రోస్, టీనోస్, మికోనోస్ అగ్రపీఠం'. పేరు పొడవును బట్టి ఇది చాలా పెద్ద పీఠమని అనుకోకండి. ఈ ద్వీపాలకు ఒకప్పుడు వేర్వేరు బిషప్పులు ఉండేవారు. విశ్వాసులు తగ్గేకొద్దీ పీఠాలు మూతపడ్డాయి. వాటి పేర్లు మాత్రం, సంతులేని ఇళ్ల ఆస్తి చివరి దాయాదికి చేరినట్లు, నాక్సోస్‌కు వచ్చి చేరాయి. చరిత్ర విద్యార్థులు శాసనాన్ని ఎలా చదువుతారో ఈ పేరునూ అలాగే చదవవచ్చు.

గ్రీకుల్లో అత్యధికులు ఆర్థడాక్స్ క్రైస్తవులు. వారు పోప్ ఆధిపత్యాన్ని అంగీకరించరు. మరి వారి మధ్య కాథలిక్కులు ఎక్కడినుంచి వచ్చారు?

కోట మీద దేవాలయం

జెరూసలేం కోసం బయలుదేరిన నాల్గవ క్రూసేడు సైన్యం 1204లో దారి మళ్లి, సాటి క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టింది. బైజాంటియన్ సామ్రాజ్యం ముక్కలైంది. వెనీసు పాలకుడు ఎన్రికో దండోలో మేనల్లుడు మార్కో సనూడో సుమారు 1207లో నాక్సోస్‌ను ఆక్రమించి డ్యూక్ అయ్యాడు. కొండ మీద కోట కట్టించాడు. కోటలో లాటిన్ ప్రభువుల ఇళ్లు, వారి ప్రధాన దేవాలయం ఉండేవి. కోట బయట, పల్లెల్లో గ్రీకు రైతులు ఉండేవారు. అంటే ఆ ద్వీపవాసులకు కాథలిక్ మతం ముందుగా పరిచయమైంది బోధకుని ముఖంతో కాదు, భూస్వామి ముఖంతో. తర్వాతి ఎనిమిది వందల ఏళ్లలో వచ్చిన అనుమానాలకు మూలం ఇదే.

గ్రీకులు వీరిని 'ఫ్రాంగోస్' అన్నారు. ఈ మాట మీకు కొత్తదేమీ కాదు. ఫ్రాంకులు అనే జాతి పేరు అరబ్బీ, పారశీక భాషల మీదుగా మనదాకా వచ్చి 'పరంగి', 'ఫిరంగి' అయింది.

రాజ్యం పోయినా మతం నిలిచింది

1522లో నాక్సోస్ అగ్రపీఠం హోదా పొందింది. అదే ఏడాది చివర రోడ్స్ ద్వీపం ఆటోమన్ తురుష్కుల వశమైంది. హోదా పెరుగుతుండగానే కింద నేల కదులుతోందన్నమాట. 1537లో ఆటోమన్ నౌకాధిపతి బార్బరోస్సా దాడి తర్వాత డ్యూకులు కప్పం కట్టే సామంతులయ్యారు. 1566లో చివరి డ్యూక్ కూడా పదవి కోల్పోయాడు. సుల్తాను ఆ బిరుదును జోసెఫ్ నాసీ అనే యూదు ప్రముఖునికి ఇచ్చాడు.

పాలకులు పోయాక వారి మతం ఎందుకు పోలేదు? ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇదే. తురుష్కులు ఈ చిన్న ద్వీపాల్లో పెద్ద సంఖ్యలో స్థిరపడలేదు. సుల్తానులతో ఒప్పందాలు చేసుకున్న ఫ్రాన్సు కాథలిక్కులకు రక్షకురాలిగా నిలిచింది. 1627లో జెస్యూట్లు నాక్సోస్ వచ్చి బడి పెట్టారు. కపుచిన్లూ వచ్చారు. అన్నిటికన్నా బలమైన కారణం వేరు. అప్పటికి ఈ కాథలిక్కులు విదేశీయులు కారు. పెళ్లిళ్లు, పొలాలు, భాష అన్నీ వారిని గ్రీకులను చేశాయి. వారు గ్రీకు భాషనే లాటిన్ లిపిలో రాసుకునేవారు. కొన్నిచోట్ల ఒకే కప్పు కింద రెండు బలిపీఠాలున్న గుడులు వెలిశాయి. ఒకటి కాథలిక్కులది, రెండోది ఆర్థడాక్స్ వారిది.

టీనోస్ కథ కొంచెం వేరు. 1390 నుంచి 1715 వరకు అది వెనీసు చేతిలోనే ఉంది. సైక్లాడిస్‌లో ఆటోమన్లకు చిక్కిన చివరి ద్వీపం అదే. అక్కడ ఊళ్లకు ఊళ్లే కాథలిక్ ఊళ్లుగా మిగలడానికి కారణం ఈ మూడు శతాబ్దాల పాలన.

గోడ ఎవరిది?

1821లో స్వాతంత్ర్య యుద్ధం మొదలైనప్పుడు ద్వీపాల కాథలిక్కులు చాలావరకు తటస్థంగా ఉన్నారు. దీన్ని ద్రోహమని రాసినవారున్నారు. నేను ఒప్పుకోను. గ్రీకు జాతి అంటే ఆర్థడాక్స్ జాతి అన్న నినాదంతో యుద్ధం సాగుతుంటే, గెలుపు తర్వాత తమకు చోటుంటుందని వారు ఎలా నమ్మగలరు? 1830 లండన్ ఒడంబడికలో ఫ్రాన్సు తన రక్షణ హక్కును వదులుకుంది. అందుకు బదులుగా కొత్త గ్రీకు రాజ్యం కాథలిక్కుల ఆరాధన స్వేచ్ఛకు, ఆస్తులకు హామీ ఇచ్చింది. 1919లో పీఠాల విలీనం జరిగి నేటి పొడవైన పేరు ఏర్పడింది.

హామీ కాగితం మీద ఉంటే చాలదు. అది కోర్టులో చెల్లాలి. ఈ అగ్రపీఠం బయట, క్రీట్ ద్వీపంలోని చానియా పట్టణంలో జరిగిన వివాదం దీనికి మంచి ఉదాహరణ. కాథలిక్ దేవాలయం ప్రహరీగోడను పొరుగువారు పడగొట్టారు. దేవాలయం దావా వేసింది. ఈ దేవాలయానికి చట్టం దృష్టిలో వ్యక్తిత్వం లేదు కాబట్టి దావా వేసే అర్హతే లేదని చివరకు గ్రీకు న్యాయస్థానాలు తేల్చాయి. 1997 డిసెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం అది హక్కుల ఉల్లంఘన అని తీర్పు చెప్పింది. మత సంఘాల చట్టబద్ధ రూపం గురించి గ్రీసు సమగ్రమైన చట్టం చేసింది 2014లో. గోడ కూలడానికీ చట్టం రావడానికీ మధ్య పట్టిన కాలాన్ని గమనించండి.

2001లో ఏథెన్సు వచ్చిన పోప్ రెండవ జాన్ పాల్, 1204 నాటి దోపిడీ గురించి ప్రస్తావించి క్షమాపణ కోరాడు.

నేడు నాక్సోస్ కోటలో పాత ప్రధాన దేవాలయం నిలిచే ఉంది. అయితే ఆర్చిబిషప్ నివాసం టీనోస్‌లోని క్సినారా గ్రామంలో ఉంది. కాథలిక్ కుటుంబాలు ఎక్కువగా మిగిలిన చోటికే పీఠమూ చేరిందన్నమాట. గ్రీసులోని కాథలిక్కులు ఈస్టరును రోము లెక్కించే తేదీన కాక, ఆర్థడాక్స్ వారి తేదీనే జరుపుకొంటారు. రెండు మతశాఖలవారూ ఉన్న ఇళ్లలో ఉపవాసాలు ఒకేసారి ముగుస్తాయి, పండుగ భోజనం ఒకే పూట వండుకుంటారు.